తప్పిపోయిన పాప, నమ్మాలో వద్దో తెలీని అమ్మ: మీ థ్రిల్లర్ డ్రాఫ్ట్ గురించి

ప్రశ్న: నమస్తే అండీ. నేనొక సైకలాజికల్ థ్రిల్లర్ నవల రాస్తున్నాను. తొమ్మిదేళ్ల కూతురు స్కూల్ నుంచి ఇంటికి రాదు. తల్లి వెతుకుతూ ఉంటుంది. పోలీసులు, భర్త, పక్కింటివాళ్లు ఎవరూ ఆమె మాట సరిగ్గా పట్టించుకోరు. కథంతా తల్లే చెప్తుంది. చివరి చాప్టర్‌లో తెలిసేదేంటంటే పాప రెండేళ్ల క్రితమే నీళ్లలో మునిగి చనిపోయింది, పక్కనే ఉన్న తల్లి అది తట్టుకోలేక మనసులోంచి చెరిపేసుకుంది. ముగ్గురికి చదవమని ఇచ్చాను. ఒకరు మొదటి నలభై పేజీలూ ఏడుపే అన్నారు. ఇంకొకరు పదో చాప్టర్‌లోనే ట్విస్ట్ కనిపెట్టేశారు. మా ఆయనైతే "ఆమె మీద జాలి రావట్లేదు, చిరాకొస్తోంది" అన్నారు. ట్విస్ట్‌ని ఇంకా బాగా దాచడం ఎలా? ఇంకో విషయం, ఇది రాయడం మొదలెట్టాక రాత్రుళ్లు లేచి మా పాప పడుకుందో లేదో చూసొస్తున్నాను. మొదటి మూడు చాప్టర్లు, మిగతా కథ సారాంశం కూడా పంపుతున్నాను.

సమాధానం: ముందు మంచి మాట చెప్పేస్తా, తర్వాత తిట్లలో పడి మర్చిపోతానేమో. తల్లి స్కూల్ గేట్ దగ్గర నిలబడి బయటికొచ్చే పిల్లల్ని లెక్కపెట్టే సీన్ ఉంది చూశారా, మొహాలు కాకుండా బ్యాగుల రంగులు లెక్కపెట్టుకుంటుంది, అది చాలా బావుందండీ, దాన్ని ముట్టుకోకండి. మిగతాదానికి మాత్రం పని పడుతుంది.

ట్విస్ట్ ఎలా దాచాలి అని కదా అడిగారు. దాచకండి. నిజంగానే చెప్తున్నా. ఈ జానర్ చదివేవాళ్లు ముదిరిపోయారు. తల్లి కథ చెప్తోంది, చుట్టూ ఎవరూ నమ్మట్లేదు అనగానే "పాప అసలు లేదేమో" అని మొదటి పేజీలోనే అనుకుంటారు, మీరేమో మూడొందల పేజీలు చెయ్యి అడ్డం పెట్టి దాచి చివర్లో తీసి చూపిస్తే వాళ్లు "ఆ, తెలుసు" అని పుస్తకం మూసేస్తారు. మీ స్నేహితురాలు పదో చాప్టర్‌లో కనిపెట్టిందంటే తప్పు మీ దాపరికంలో లేదు, ఆ పది చాప్టర్లలో ఆవిడకి ఆలోచించుకోడానికి ఇంకేం ఇవ్వలేదు మీరు, అదీ సంగతి. వాళ్లని కూర్చోబెట్టేది వేరే ప్రశ్న. ఈమె ఇంత గట్టిగా నమ్ముతోంది కదా, ఆ నమ్మకాన్ని నేను నమ్మొచ్చా?

దీనికి చరిత్రలో రెండు కేసులున్నాయి, మీరు రాసే ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఒకటి, 1928 లాస్ ఏంజెలెస్. క్రిస్టీన్ కాలిన్స్ అని టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసేది, మార్చిలో ఆమె తొమ్మిదేళ్ల కొడుకు వాల్టర్ కనపడకుండా పోయాడు. అయిదు నెలలకి పోలీసులు వేరే రాష్ట్రంలో దొరికాడని ఒక పిల్లాణ్ణి తెచ్చి అప్పగించారు. ఆమె చూసి వీడు నా కొడుకు కాదంది. అక్కడున్న కెప్టెన్ ఏమన్నాడో తెలుసా, కొన్నాళ్లు ఇంటికి తీసుకెళ్లి ట్రై చేసి చూడండి అన్నాడు! చెప్పులు కొన్నట్టు. మూడు వారాలయ్యాక ఆమె కొడుకు పళ్ల రికార్డులు పట్టుకుని వెనక్కొచ్చింది. దానికి వాళ్లు ఆమెకి పిచ్చని చెప్పి మానసిక రోగుల వార్డులో పడేశారు. చివరికి ఆ పిల్లాడే ఒప్పుకున్నాడు, వాడికి పన్నెండేళ్లు, ఇంట్లోంచి పారిపోయొచ్చాడు, హాలీవుడ్ వెళ్లి తన అభిమాన నటుణ్ణి చూడొచ్చని ఈ నాటకమంతా. వాడు ఒప్పుకున్న పది రోజులకి గానీ ఆమెని వదల్లేదు. తర్వాత కోర్టు ఆ కెప్టెన్‌ని 10,800 డాలర్లు కట్టమంటే అతను అదీ కట్టలేదు. అసలు వాల్టర్ ఎప్పటికీ దొరకలేదు, ఆమె బతికున్నంతకాలం వెతుకుతూనే ఉంది.

రెండోది దీనికి అద్దంలో బొమ్మలాంటిది. ఇంగ్లండ్‌లో టిచ్‌బోర్న్ అని పెద్ద జమీందారీ కుటుంబం, కొడుకు రోజర్ 1854లో ఓడ మునిగి పోయాడు. తల్లి నమ్మలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది, ఆ ప్రకటనలు ఆస్ట్రేలియా దాకా వెళ్లాయి, అక్కడ మాంసం కొట్టు నడుపుకునే ఒకతను "అమ్మా నేనే" అని ఉత్తరం రాశాడు. రోజర్ సన్నగా ఉండేవాడు, ఈయన భారీ మనిషి. రోజర్ ప్యారిస్‌లో పెరిగాడు, ఫ్రెంచ్ వాడి సొంత భాష లెక్క, ఈయనకి ఫ్రెంచ్ ముక్క రాదు. ఉత్తరాల్లో ఏవేవో గుర్తులు చెప్పాడు, ఆవిడకి తెలిసినవాటితో అవి కలవలేదు. అప్పుడావిడ ఏం రాసిందంటే, పాపం నా రోజర్ కలలో లాగా అన్నీ కలగాపులగం చేసేసుకుంటున్నాడు, అతను చెప్పేది నేను చెప్పేదానికి తేడాగా ఉన్నా నా కొడుకేనని నమ్ముతున్నా, అని. 1867 జనవరిలో ప్యారిస్‌లో ఒక హోటల్ గదిలో చూసిన మరుక్షణం నా కొడుకే అనేసింది, ఏడాదికి వెయ్యి పౌండ్లు ఇవ్వడం మొదలెట్టింది. మరుసటేడు చనిపోయింది. అతను మోసగాడని కోర్టు తేల్చి పద్నాలుగేళ్ల శిక్ష వేసింది 1874లో, ఆవిడ అది చూడకుండానే పోయింది. నాకైతే అది ఆవిడ అదృష్టమే అనిపిస్తుంది.

ఇప్పుడు చూడండి. ఒక తల్లి ప్రపంచమంతా నీ కొడుకే అంటుంటే కాదంది, ఆమె మాటే నిజమైంది. ఇంకో తల్లి కుటుంబమంతా నీ కొడుకు కాదు అంటుంటే అవునంది, తప్పైంది. కానీ లోపల్నుంచి చూస్తే ఇద్దరికీ ఒకటే కదండీ, "కన్నతల్లిని, నాకు తెలీదా" అన్న అదే గట్టి మాట. మీ నవల మొత్తం ఈ మాట మీద నిలబడాలి. మీ కథలో తల్లి క్రిస్టీనా, లేడీ టిచ్‌బోర్నా అన్నది చదివేవాళ్లకి చాలాసేపు తేలకూడదు, ఒక చాప్టర్‌లో ఇటు, ఇంకో చాప్టర్‌లో అటు మొగ్గాలి. అలా ఊగిస్తే ట్విస్ట్ ముందే ఊహించినవాళ్లు కూడా తమ ఊహ మీద తామే అనుమానపడతారు.

ఏడుపు విషయానికొద్దాం. నలభై పేజీలు ఏడ్పించింది మీరు రాయలేక కాదు, మనుషులు అలాగే ఉంటారనుకుని. పాలీన్ బాస్ అని ఒక అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలీకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసి, ఇలాంటి బాధకి ఆంబిగ్యుయస్ లాస్ అని పేరు పెట్టారు. తేలని దుఃఖం అనుకోండి. మనిషి పోయాడని తెలిస్తే ఏడుస్తాం, కర్మ చేస్తాం, ఏదో రకంగా ఒక గట్టుకి చేరతాం. పోయాడో ఉన్నాడో తెలీకపోతే దుఃఖం మొదలు కూడా కాదు, గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. అలాంటి మనిషి ఉన్నాడనీ లేడనీ రెండూ ఒకేసారి నమ్ముతూ బతకగలడు. మీ కథకి ఇంతకంటే ఏం కావాలండీ! ఆమె ఏడవకూడదు అసలు. ఏడిస్తే ఒప్పుకున్నట్టే. ఏడవకుండా పనులు చేస్తుంది: ఫోన్ ఛార్జింగ్ అరవై శాతం దిగనివ్వదు, పాత నంబర్ మార్చదు, తాళం పాడైనా మార్చదు ఎందుకంటే పాప దగ్గర పాత తాళంచెవి ఉంది, స్నానానికెళ్తే తలుపు కొద్దిగా తీసిపెడుతుంది కాలింగ్ బెల్ వినపడాలని. ఇవి రాయండి చాలు, ఏడుపు చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇక అసలు చిక్కు, దీన్ని మీ ముగ్గురు పాఠకులూ ఎందుకు పట్టుకోలేదో నాకర్థం కాలేదు. పాప రెండేళ్ల క్రితం చనిపోతే పోలీసులు స్కూల్‌కి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది కదా? పది నిమిషాల పని. మీ పోలీసులు పదిహేను చాప్టర్లు తిరుగుతున్నారు. (పైగా మొదట్లో "24 గంటలు ఆగి రండి" అనిపించారు, అది సినిమా రూల్ అండీ, పిల్లల విషయంలో మొదటి గంటలే ముఖ్యం, అమెరికాలో అయితే అలా ఆపకూడదని 1990లోనే చట్టం చేశారు. తీసేయండి.)

ఈ చిక్కునే మీ బలం చేసుకోవచ్చు. అందరికీ తెలుసు అనుకోండి. పోలీసులకి తెలుసు, టీచర్‌కి తెలుసు, పక్కింటావిడకి తెలుసు, తెలీనిది ఆమెకీ చదివేవాళ్లకీ మాత్రమే. అప్పుడు వాళ్ల ప్రవర్తన మొత్తం రెండు రకాలుగా చదవొచ్చు, మొదటిసారి కుట్రలా ఉంటుంది, రెండోసారి చదివితే జాలి.

ఒక సీన్ చెప్తా. పిల్లలు తప్పిపోయారంటే పోలీసులు ముందు ఆ ఇల్లే వెతుకుతారు, పిల్లలు దూరగలిగే ప్రతి చోటూ, అలమరాలు, మంచాల కింద, విడిచిన బట్టల కుప్ప, కారు డిక్కీ, ఆఖరికి వాషింగ్ మెషీన్ కూడా. సో, కొత్తగా చేరిన కుర్ర కానిస్టేబుల్ వస్తాడు, వాడికి ఈ ఇంటి సంగతి తెలీదు. నిజంగా వెతుకుతాడు. వాషింగ్ మెషీన్ మూత తీసి టార్చ్ వేసి తల లోపల పెడతాడు, తల్లి వెనకాల నిలబడి చూస్తుంటుంది, ఆ తల బయటికొచ్చేదాకా ఊపిరి తీసుకోదు. అప్పుడు వాడి ఫోన్ మోగుతుంది. స్టేషన్ నుంచి. "సార్... సార్... ఆ ఇల్లే సార్" అంటాడు, తర్వాత చాలాసేపు ఏం మాట్లాడడు. ఫోన్ పెట్టేసి మూతని రెండు చేతులతో చప్పుడు కాకుండా దించుతాడు. అంతవరకు "ఏమ్మా, ఎప్పుడు చూశారు లాస్ట్?" అని గట్టిగా అడిగినవాడు "కాసేపు కూర్చోండమ్మా" అంటాడు. టార్చ్ ఆపేస్తాడు. ఆమెకి ఒళ్లు మండిపోతుంది, ఎవరో ఫోన్ చేసి కేసు ఆపేశారు అనుకుంటుంది, చదివేవాళ్లు కూడా ఆమె పక్షానే ఉంటారు. ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు.

అది చాలా ముఖ్యం. కథ చెప్పేది ఆమె కాబట్టి ఆమె పొరబడొచ్చు, మీరు మోసం చెయ్యకూడదు. మూడో చాప్టర్‌లో "పొద్దున పాపకి జడ వేశాను" అని రాశారు, అది చీటింగ్. ఎవరి తలకి వేసింది మరి? ఆ లైన్ "పొద్దున జడ వేయడానికి రిబ్బన్లు తీసి పెట్టాను" అయితే నిజమే అవుతుంది. అయిపోయాక వెనక్కెళ్లి ప్రతి వాక్యం ఇలా రెండోసారి చదవండి, బోర్ కొడుతుంది, అయినా చదవండి.

క్లూ కూడా దాచకుండా ఎదురుగా పెట్టొచ్చు. మీరు పాపకి పై ముందు పళ్లు రెండూ లేవని రాశారు, నవ్వితే ఆ ఖాళీలోంచి నాలుక కనిపిస్తుందని. ముద్దుగా ఉంది. కానీ ఆ పాల పళ్లు ఆరేడేళ్లకి ఊడి ఏడెనిమిదేళ్లకల్లా కొత్తవి వచ్చేస్తాయి, తొమ్మిదేళ్ల పిల్లకి ఆ ఖాళీ ఉండదు. మీరు పొరపాటున రాశారో కావాలని రాశారో తెలీదు గానీ అది బంగారం. తల్లి మనసులో పాప ఏడేళ్ల దగ్గరే ఆగిపోయింది, వయసు మాత్రం క్యాలెండర్ ప్రకారం పెరుగుతోంది. ఆ పళ్ల సంగతి మొదటి పేజీలో ఒకసారి, సగంలో ఒకసారి చెప్పి వదిలేయండి, వివరించొద్దు. పిల్లల్ని పెంచినవాళ్లు ఎవరో ఒకరు చదువుతూ చదువుతూ ఆగుతారు.

జ్ఞాపకం గురించి ఒక మాట. తల్లి పాత సంగతులన్నీ ఫోటో తీసినట్టు చెప్తోంది మీ డ్రాఫ్ట్‌లో. జ్ఞాపకం అలా ఉండదు, అడిగే తీరుని బట్టి మారిపోతుంది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ ఒక ప్రయోగం చేశారు, కార్లు గుద్దుకునే వీడియో చూపించి కొందర్ని "కార్లు ఎంత స్పీడులో తగిలాయి" అనీ, కొందర్ని "ఎంత స్పీడులో ఢీకొని నుజ్జయ్యాయి" అన్నట్టుగానూ అడిగితే రెండోవాళ్లు స్పీడు ఎక్కువ చెప్పారు, వారం తర్వాత అడిగితే మొదటివాళ్లకంటే వాళ్లలోనే ఎక్కువమంది పగిలిన గాజు చూశామన్నారు, అసలు వీడియోలో పగిలిన గాజే లేదు. తర్వాత 1995లో లోఫ్టసే ఇంకొకరితో కలిసి, నువ్వు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు అని 24 మందికి లేని కథ చెప్తే దాదాపు నాలుగో వంతు మంది అవును కొద్దికొద్దిగా గుర్తుంది అన్నారు. దీన్ని ఉపన్యాసంలా కథలో పెట్టకండి దయచేసి, సైకాలజిస్ట్ పాత్ర ఒకరొచ్చి ఇవన్నీ చెప్పే నవలలు చాలా చదివా, విసుగు. ఆడించండి. మొదటి విచారణలో "ఏ డ్రెస్ వేసుకుంది" అంటే ఆమెకి గుర్తురాదు. ఆఫీసర్ యథాలాపంగా "నీలం స్వెటరా?" అంటాడు. నాలుగు చాప్టర్ల తర్వాత ఆమె కలలో పాప నీలం స్వెటర్‌లో ఉంటుంది, బొత్తాలు కూడా లెక్కపెడుతుంది. ఇంకో రెండు చాప్టర్లకి పోస్టర్ మీద నీలం స్వెటర్ అని తనే రాయిస్తుంది.

మీ ఆయన చిరాకు కరెక్టేనండీ, ఏమనుకోకండి. ఆమె మూడు చాప్టర్లలోనూ ఎవరో ఏదో అంటే బాధపడటం తప్ప ఏం చెయ్యలేదు. జాలి అడిగితే రాదు. ఆమెని తెలివిగలదాన్ని చెయ్యండి, సీసీటీవీ ఫుటేజ్ సంపాదించడానికి ఒక అబద్ధం అలవోకగా ఆడేస్తుంది, బస్ టైమింగులు గోడ మీద రాసుకుని ఏది ఎన్ని నిమిషాలు లేటో పట్టేస్తుంది. అలాగే ఒక తప్పు కూడా చేయించండి. ఎవరిదో పిల్ల, రోడ్డు మీద షూ లేసు ఊడింది, ఈమె వంగి రెండు ముళ్లు వేసి కడుతుంది, తన పాపకి కట్టినట్టే, కట్టేసి కాలు వదలదు. ఓ క్షణం ఎక్కువ పట్టుకుంటుంది అంతే. ఆ పిల్ల తల్లి పరుగెత్తుకొస్తుంది. అక్కడ మనం ఎవరి వైపు నిలబడాలో తెలీక ఇబ్బంది పడాలి, ఆ ఇబ్బంది నుంచే జాలి వస్తుంది.

ఇప్పుడు చివరి చాప్టర్. ఆ రివీల్ తీసుకొచ్చి కథ మూడింట రెండు వంతులు అయ్యే దగ్గర పెట్టేయండి. భయమేస్తుంది, తెలుసు. కానీ చివర్లో పెడితే అది పజిల్‌కి జవాబు, అక్కడ పెడితే కథకి కొత్త ప్రాణం. మిగిలిన వంద పేజీలకి ప్రశ్న మారిపోతుంది, ఆమెకి తెలిసింది, ఇక రేపు పొద్దున ఆ స్కూల్ గేట్ దగ్గరికి వెళ్తుందా వెళ్లదా? నేనైతే వెళ్లనిస్తా. ఇంకోటి, దయచేసి చివర డాక్టర్‌ని రప్పించి ఏదో జబ్బు పేరు చెప్పించి ముగించకండి. పేరు పెట్టగానే చదివేవాళ్లు "ఓహో, జబ్బా" అని ఊపిరి పీల్చుకుంటారు, ఆ ఊపిరి వాళ్లకి ఇవ్వకూడదు. పైగా అలాంటి బాధలో ఉన్న మనుషుల్ని దెయ్యాల్లా చూపించే కథలు ఇప్పటికే బోలెడున్నాయి.

రాత్రుళ్లు లేచి పాపని చూసి రావడం గురించి పెద్దగా కంగారు పడకండి, రాసేది పగటిపూటకి మార్చుకోండి, పడుకునే ముందు ఆ చాప్టర్లు తెరవొద్దు. అయినా తగ్గకుండా నిద్ర పాడైపోతుంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడండి, నవల నాలుగు నెలలు లేటైతే ఏం కాదు.

భర్త మిగిలాడు. అతన్ని మీరు విలన్‌లా అనిపించేలా రాసి చివర్లో మంచివాడని తేల్చారు, అంత తేలిగ్గా వదలకండి అతన్ని. రెండేళ్లుగా ఈ నాటకంలో ఉన్నాడు కదా, అతనేం చేస్తున్నాడు ఇంట్లో? పాప బ్యాగ్ ఎవరు సర్దుతున్నారు, నోటు పుస్తకాలకి అట్టలు ఎవరు వేస్తున్నారు? ప్రేమతో చేస్తున్నాడా, తనకీ అదే కావాలా? స్కూళ్లు తెరిచే ముందు అతను ఒక్కడే షూస్ కొనడానికి వెళ్లే సీన్ ఒకటి రాయండి, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అదే రాయండి. పోయినేడు కొన్న సైజే మళ్లీ అడుగుతాడు. కొట్లో కుర్రాడు పెట్టె తెరిచి "పాపకి ఎన్నేళ్లు సార్, ఇంకో సైజు పెద్దది చూపించనా" అంటాడు. కథ చెప్పేది తల్లి కాబట్టి ఆమె అక్కడ ఉండదు, మీరు ఈ సీన్‌ని ఎలా లోపలికి తెస్తారో, అతను ఆ కుర్రాడికి ఏం చెప్తాడో నాకూ తెలీదు. రాశాక పంపండి, చదువుతా.